మొదటి విమానం గురించి నేను రోజూ వినే అపోహలు

విమానాల మెయింటెనెన్స్ నా వృత్తి. పెళ్లికి వెళ్లినా సరే, రైట్ సోదరుల మాట వస్తే అందరూ నావైపే తిరుగుతారు. ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: మంచి ఇంజిన్ దొరికింది కాబట్టి ఎగిరారు.

అదే నిజమైతే ముందు ఎగరాల్సింది అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ విమానం. దాని ఇంజిన్ 50 హార్స్‌పవర్ పైమాటే. 1903 డిసెంబర్ 8న అది పొటోమాక్ నదిలో పడిపోయింది. తొమ్మిది రోజులకు రైట్ సోదరులు సుమారు 12 హార్స్‌పవర్‌తోనే పైకి లేచారు. వాళ్లు ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది కంట్రోల్‌తో. గాలిలో ఒక పక్కకు ఒరిగితే తిరిగి నిలబెట్టడం ఎలా? ఒంటి బరువు అటూ ఇటూ జరుపుతూ గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) నడిపిన జర్మన్ లిలియంతాల్ 1896లో కూలి చనిపోయాడు.

1899లో అన్నదమ్ముల్లో పెద్దవాడు విల్బర్ తన సైకిల్ షాపులో టైరు ట్యూబు ప్యాక్ అయి వచ్చిన పొడవాటి అట్టపెట్టెను చేతుల్లో మెలితిప్పుతుండగా దారి దొరికింది. టూత్‌పేస్ట్ పెట్టె రెండు మూతలూ తీసి మీరూ మెలితిప్పి చూడండి: ఒక చివర పైకి వాలుతుంది, రెండోది కిందికి. రెక్కల్నీ అలాగే మెలితిప్పితే ఒకవైపు లిఫ్ట్ (గాలి పైకెత్తే బలం) పెరుగుతుంది, రెండోవైపు తగ్గుతుంది. పైలట్ కింది రెక్క మీద బోర్లా పడుకుని నడుము కదిలిస్తే తీగలు ఆ పని చేసేవి. ఇవాళ హ్యాంగర్‌లో నేను ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కదలికలు చెక్ చేస్తున్నానంటే, చూస్తున్నది ఆ పనే. అందుకే ఆ పెట్టె అంటే నాకంత ఇష్టం.

అపోహ: సైకిల్ మెకానిక్‌లకు అదృష్టం కలిసొచ్చింది.

ఈ మాట వింటే బాధేస్తుంది. 1901లో గ్లైడర్ అనుకున్నంత లిఫ్ట్ ఇవ్వకపోతే, లిఫ్ట్ లెక్కకు అప్పట్లో అందరూ వాడే పట్టికల్నే అనుమానించారు. ఆరడుగుల చెక్కపెట్టెతో విండ్ టన్నెల్ (నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే గొట్టం) కట్టుకున్నారు. హాక్సా బ్లేడు ముక్కలు, సైకిల్ చువ్వలతో కొలత పరికరాలు చేసుకుని, దాదాపు 200 రెక్క నమూనాల్ని పరీక్షించారు.

అపోహ: ‘వైమానిక శాస్త్రం’ అనే సంస్కృత గ్రంథం ప్రకారం మన దగ్గర విమానాలు ఎప్పుడో ఎగిరాయి.

ఆ గ్రంథాన్ని చెప్పి రాయించింది 20వ శతాబ్దంలోనే. 1974లో బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్లు పరిశీలించి, అందులోని డిజైన్లు ఎగరలేవని తేల్చారు.

అపోహ: క్యాటపల్ట్‌తో (విమానాన్ని ముందుకు విసిరే యంత్రంతో) విసిరితేనే రైట్ సోదరుల విమానం లేచింది.

అది వాడింది 1904 సెప్టెంబర్ నుంచి, వాళ్ల సొంతూరు డేటన్ దగ్గర. 1903 డిసెంబర్ 17న తొలిసారి ఎగిరిన కిట్టీ హాక్ దగ్గర ఉన్నవల్లా విమానం జారడానికి చెక్క పట్టాలు, గట్టి ఎదురుగాలి. మొదట తమ్ముడు ఆర్విల్ 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు. కాసేపటికే ఈదురుగాలి ఆ విమానాన్ని దొర్లించి విరిచేసింది. అది మళ్లీ ఎగరలేదు.