కొంగ, నత్త, జిలేబి చేప

బెంగళూరు కేఆర్ పురంలో, మా వీధి చివరి దుకాణంలో జిలేబి చేపలు (తిలాపియా) కోయించుకుంటుంటే మొప్పల దగ్గర బియ్యపు గింజంత పసుపు గడ్డలు రెండు కనిపించాయి. కోసే ఆమె వాటిని కత్తిమొనతో గిల్లి పారేసి, "ఏమీ కాదులేన్నా, పులుసులో ఉడికిపోతుంది" అంది. ఆమెది కోలారు జిల్లా ముళబాగిలు పక్క ఊరు, ఇంట్లో తెలుగే. నా వెనక నిలబడ్డ కుర్రాడు మాత్రం ఫోన్ తీశాడు. సాయంత్రానికి ఆ వీడియో "మురికి చెరువుల్లో కొత్త పురుగు" అన్న పేరుతో మా అపార్ట్‌మెంట్ గ్రూపుకు చేరింది.

పురుగు కొత్తది కాదు. చూడ్డానికి అది క్లైనోస్టోమమ్ అనే చదునుపురుగు పిల్లలా ఉంది. దాని అసలు ఇల్లు కొంగ గొంతు. కొంగ ముక్కు నీళ్లలో ముంచినప్పుడు గుడ్లు చెరువులోకి జారతాయి. వాటిలోంచి వచ్చిన పిల్ల నత్తలో దూరి, అక్కడ ఒకటి వందలై, బయటికొచ్చి చేప చర్మం తొలుచుకుని లోపలికి పోతుంది. ఆపైన గూడు కట్టుకుని పడుంటుంది, ఆ చేపను మరో కొంగ మింగేదాకా. ఈ కథలో మనిషికి పాత్ర లేదు. జపాన్, కొరియాల్లో పచ్చి చేప తిన్న కొందరికి మాత్రం ఇది గొంతులో పట్టుకుంది.

చేపల పురుగుల చరిత్రలో మన దేశానికీ ఒక పేజీ ఉంది. 1874లో కలకత్తా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చనిపోయిన ఒక చైనా వడ్రంగి శవాన్ని కోసినప్పుడు, పిత్తనాళాల నిండా పురుగులు కనిపించాయి. జేమ్స్ మెక్‌కానెల్ అనే డాక్టర్ మరుసటి ఏడు లాన్సెట్ అనే వైద్య పత్రికలో దాని గురించి రాశాడు. అదే చైనా కాలేయపు పురుగు, క్లోనార్కిస్. అది చెరువు చేపల నుంచి వస్తుందని తేల్చడానికి 1910 ప్రాంతంలో జపాన్ శాస్త్రవేత్త కొబయాషి దాకా ఆగాల్సి వచ్చింది. మన దగ్గర అది వేళ్లూనకపోవడానికి పులుసు కూడా ఒక కారణమని నా అనుమానం. మనవాళ్లు చేపను ఉడకకుండా మింగేది, నాకు తెలిసి, ఒక్కచోటే: హైదరాబాదులో మృగశిర కార్తె నాటి చేప ప్రసాదం దగ్గర. అక్కడ మింగేది బతికున్న కొరమీను పిల్లను.

మరి బెంగళూరులో మారిందేమిటి? చెరువుల్లో నీళ్లుండే కాలం.

ఈ ఊరికి పక్కన పెద్ద నది లేదు. వాన నీళ్లను ఆపడానికి కట్టలు వేసి, రాజకాలువలనే పెద్ద కాలువలతో ఒక చెరువు అలుగు నీళ్లు కింది చెరువుకు పోయేలా గొలుసు కట్టారు. ఎండాకాలం చాలా చెరువులు అడుగంటేవి, రైతులు ఒండ్రుమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. అడుసులో నత్తలు కొన్ని బతికినా చేపలుండవు, కొంగలు వేరే నీళ్లు వెతుక్కునేవి. అంటే పురుగు గొలుసు ఏటా ఒకసారి తెగేది. 1974లో కావేరి నీళ్లు నగరానికి వచ్చాయి. దాదాపు వంద కిలోమీటర్ల నుంచి ఎక్కించిన ఆ నీళ్లు, ఇళ్లలో వాడుకున్నాక మురుగై, అవే రాజకాలువల్లో పారాయి. బెళ్లందూరు లాంటి చెరువులకు ఇక ఎండటమన్నదే లేకపోయింది. నత్తలకు, నీటికాకులకు, కొంగలకు పన్నెండు నెలలూ పండగే. మురుగు అడుసులో పెరిగే ట్యూబిఫెక్స్ అనే సన్నటి ఎర్ర పురుగులు (ఆక్వేరియం షాపుల్లో మేతగా అమ్ముతారు) యూస్ట్రాంగిలైడిస్ అనే మరో పరాన్నజీవికి తొలి మజిలీ. కొరమీను లాంటి చేపల పొట్టలో ఎర్రదారపు చుట్టలా కనబడేది అదే.

పైగా జిలేబి కూడా ఇక్కడి చేప కాదు. ఆఫ్రికా నుంచి ఊళ్లు తిరిగి 1952లో తమిళనాడు తీరంలోని మండపం అనే ఊరికి చేరింది, అక్కడి నుంచి మురుగులో కూడా బతికేసే మొండితనంతో చెరువులన్నీ ఆక్రమించింది.

2018 నుంచి బెంగళూరు మురుగును శుద్ధిచేసి గొట్టాల్లో కోలారు చెరువులకు పంపుతున్నారు. ఏళ్లుగా నెర్రెలిచ్చిన ఆ తెలుగు ఊళ్ల చెరువుల్లో మళ్లీ అలలు లేచాయి, వలలు పడ్డాయి. సంతోషమే. కాకపోతే నిండుగా ఉండే చెరువుకు కొంగలు, నత్తలు కూడా వస్తాయి.

పురుగు గురించి నాకంత టెన్షన్ లేదు. మామూలు ఐసుపెట్టెలో అది చావదు; సున్నాకు 20 డిగ్రీలు దిగువన వారం రోజులు ఉంచాలి. బాగా మరిగిన పులుసులో మాత్రం నిలవదు. ఫ్యాక్టరీ నీళ్లతో చేపల్లోకి చేరే సీసం, కాడ్మియం లాంటి లోహాలు అలా కాదు. ఎంత ఉడికించినా పోవు, కత్తిమొనకు దొరకవు, ఫోన్ వీడియోలో కనబడవు. ఆ చేప ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువుదా, కాదా అన్నదే అసలు ప్రశ్న.

తర్వాతి వారం చేపలు కోసే ఆమెను అదే అడిగాను.

"తెల్లారి నాలుక్కి ఒకతను బుట్టల్లో తెచ్చి ఇచ్చిపోతాడన్నా," అంది పొలుసు గీకుతూ. "ఏ చెరువో నేనెప్పుడూ అడగలా."