కొడుక్కో అంతస్తు కావాలా? ఇంటి ప్లాన్ల మీద అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, దేవరకొండ వైపు నుంచి ఇంటి ప్లాన్ గీయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు కూర్చోగానే అనే మాట ఒకటే: "సార్, ఇద్దరు కొడుకులు, జీ ప్లస్ వన్ కావాలె." కొడుకులెక్కడ అంటే ఒకరు హైదరాబాద్, ఒకరు డాలస్.

పంచుకునేటప్పుడు గొడవలొస్తాయని, పండక్కి వస్తే పడుకునే చోటుండదని భయం. ఆ భయం నాకర్థమవుతుంది. కానీ నడుమ వాకిలి, చుట్టూ అర్రలుండే మన పాత భవంతి ఇళ్లల్లో కొడుక్కో అంతస్తు ఎక్కడుంది? పెళ్లయితే ఒక అర్ర ఇచ్చేవాళ్లు, అంతే. మిగతా అర్రల్లో వడ్ల గుమ్ములు, మిరప బస్తాలు ఉండేవి, ఎండాకాలమైతే అందరూ వాకిట్లో నులక మంచాల మీదే. ఇప్పుడు వడ్లు కల్లం నుంచి నేరుగా ఐకేపీ కొనుగోలు సెంటర్‌కు పోతున్నాయి, ఎడ్లు పోయి కొట్టంలో ట్రాక్టర్ నిలబడింది, అంటే చోటు అవసరం తగ్గిందే గానీ పెరగలేదు.

మామూలు పనికే చదరపు అడుగు 2,000 దాకా పడుతోంది, 900 అడుగుల పై అంతస్తు అంటే 18 లక్షలు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచర్ మేడమ్ లోన్ తీసి మరీ కట్టారు. అక్కడిప్పుడు ఎండుమిరపకాయలు, పాడైన కూలర్ ఉన్నాయి. మేడమ్ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడమే మానేశారు, కింద బాత్రూం గడప తట్టుకుని పడ్డారు కూడా.

పునాది, పిల్లర్లు రెండంతస్తులకు సరిపడా వేయించండి, కట్టడం మాత్రం కిందే కట్టండి. పైన వదిలిన చువ్వలు తుప్పు పట్టకుండా బలం తక్కువ కాంక్రీట్‌తో మూసేస్తే పిల్లలు నిజంగా వచ్చిన రోజు పగలగొట్టి కట్టుకోవచ్చు. మిగిలిన డబ్బులో కొంత కింది బాత్రూం మీద పెట్టండి: గడప వద్దు, వీల్‌చైర్ పట్టేలా మూడడుగుల తలుపు, గోడకు పట్టుకునే రాడ్.

ఇంటి నడుమ ఖాళీ ఉంటే దోషమట! ఇది వాట్సాప్ వాస్తు. నడిమి చోటు బ్రహ్మస్థానం, దాన్ని ఖాళీగా వదలమనే వాస్తు చెప్పేది.

పాత ఇల్లే స్వర్గమా? రెండడుగుల మట్టి గోడ చల్లగా ఉంచే మాట నిజం. కానీ ఆ ఇంట్లో పొగలో వండిందీ, చీకట్లో చెంబు పట్టుకుని బయటికి పోయిందీ ఆడవాళ్లే. కోడలు అటాచ్డ్ బాత్రూం అడిగితే సోకు అనకండి.

మట్టి గోడకు సిమెంట్ పూస్తే గట్టిపడదు, తేమ బయటికి పోలేక లోపలే మెత్తబడుతుంది. సున్నం వాడండి. మట్టి గోడల మీద స్లాబ్ ఆలోచనే వద్దు, ఐదంగుళాల స్లాబ్ చదరపు అడుగుకే దాదాపు 30 కిలోలు తూగుతుంది.

అన్నదమ్ములు భవంతి పంచుకుంటున్నారా? నడి వాకిట్లో గోడ లేపే ముందు మోరీ ఎవరి వైపుందో చూడండి. నాలుగు వైపుల చూరు నీళ్లూ అక్కడికే వస్తాయి, మోరీ లేనివాళ్ల వాకిలి తొలి వానకే నిండుతుంది, ఆ పంచాయితీ మళ్లీ నా దగ్గరికే వస్తుంది. గోడ కింద నుంచి పైపు పెట్టే మాట పంపకాల కాగితంలోనే రాయించండి.