భయం పోదు, ఊరుకుంటుంది

ఒక పాఠకురాలు అడిగారు: "మా అబ్బాయికి చీకటంటే విపరీతమైన భయం ఉండేది, థెరపీకి తీసుకెళ్ళాక బాగా తగ్గింది. ఇల్లు మారగానే మళ్ళీ మొదలైంది. అంటే థెరపీ పనిచేయనట్టేనా?"

పనిచేసింది. అసలు ఆ భయం తిరిగొచ్చిన తీరులోనే థెరపీ మెదడులో ఏం చేస్తుందో కనిపిస్తుంది. థెరపీలో రకాలు ఎన్ని, ఆటలెందుకు, బొమ్మలెందుకు అనేవి ఎక్కడైనా చదువుకోవచ్చు, వాటిని వదిలేస్తున్నాను. నాకు పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: తగ్గిన భయం ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోదు.

కణతల లోపలి వైపున బాదంగింజ ఆకారంలో ఉండి, ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగం అమిగ్డలా. దాన్ని కాపలా కుక్క అనుకోండి. పోస్ట్‌మ్యాన్ వస్తాడు, కుక్క మొరుగుతుంది, అతను ఉత్తరం వేసి తన దారిన తను పోతాడు. కుక్క లెక్కలో జరిగింది వేరు: నేను మొరిగాను కాబట్టే వాడు పారిపోయాడు! రేపు ఇంకా గట్టిగా మొరుగుతుంది. క్లాసులో లేచి మాట్లాడాలంటే టెన్షన్ పడే పిల్లకి పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది, సరే ఈరోజుకి ఉండిపో అంటాం, అరగంటలో నొప్పి మాయం. అది నటన కాదు, నొప్పి నిజమే, కానీ ఆ తర్వాత దొరికిన ఊరట కుక్కకి వేసిన బిస్కెట్. దీన్ని నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు. చాలామంది, టీచర్లు కూడా, ఇదేదో శిక్ష అనుకుంటారు. కాదు, ఇబ్బంది తప్పిపోవడమే ఇక్కడ బహుమతి.

అలాగని కుక్కని ఈడ్చుకెళ్ళి పోస్ట్‌మ్యాన్ మీదకి తోస్తే మంచిదైపోదు. "చీకటి గదిలో పెట్టి తలుపేస్తే భయం దానంతటదే పోతుంది" అనే పెద్దమనుషులు ప్రతిచోటా ఉంటారు. ఆ గదిలో పిల్లాడు నేర్చుకునేది చీకటి నిజంగానే భయంకరమని, పైగా పిలిచినా ఎవరూ రారని.

ఏం చేయాలో 1924లోనే అమెరికా సైకాలజిస్ట్ మేరీ కవర్ జోన్స్ చూపించారు. పీటర్ అనే దాదాపు మూడేళ్ళ పిల్లాడికి కుందేలంటే భయం. ముందు పంజరంలో, దూరంగా, తర్వాత కొంచెం దగ్గరగా, పక్కన భయం లేని పిల్లల్ని ఉంచి, మెట్టు మెట్టుగా తీసుకొచ్చారు. మధ్యలో పీటర్‌కి జబ్బు చేసి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది, ఇంటికి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర పెద్ద కుక్క ఒకటి మీదకి దూకింది (ఇది నిజం కుక్కే). అంతే, తగ్గిన భయమంతా తిరిగొచ్చింది. జోన్స్ ఈసారి ఇష్టమైనది తినిపిస్తూ మళ్ళీ దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టారు, చివరికి పీటర్ కుందేలు చేత వేళ్ళు కొరికించుకునేదాకా వచ్చాడు.

ఎందుకు తిరిగొచ్చింది? ఇక్కడ కొంచెం బరువైన సంగతి. భయం తగ్గడమంటే పాత జ్ఞాపకం చెరిగిపోవడం కాదు, "ఇది ప్రమాదం కాదు" అనే రెండో జ్ఞాపకం దాని పక్కన తయారవడం. నుదుటి వెనక, లోపలి వైపున ఉండే వెంట్రోమీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నుంచి సంకేతం వెళ్ళి, అమిగ్డలాలోని నిరోధక కణాల ద్వారా భయపు స్పందనని అణుస్తుంది. మొరుగుతున్న కుక్కని ఇంటాయన "మనవాళ్ళేలే, ఊరుకో" అన్నట్టు. తమాషా ఏంటంటే, మూడు వారాలు నిండని ఎలుకపిల్లల్లో భయం దాదాపు చెరిగిపోతున్నట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత నాడీకణాల చుట్టూ పెరిన్యూరోనల్ నెట్స్ అనే వల అల్లుకుని భయపు జ్ఞాపకాన్ని కాపాడుతుందని 2009లో చుంచెలుకల మీద జరిగిన ప్రయోగం చూపింది. పెద్ద చుంచెలుకల్లో ఆ వలని ఎంజైముతో కరిగిస్తే, తర్వాత నేర్పిన భయం మళ్ళీ చెరిగిపోయేదైంది!

ఈ రెండో జ్ఞాపకానికి ఒక బలహీనత ఉంది: నేర్చుకున్న చోటికి అతుక్కుపోతుంది. ఇంటాయన ఆ ఇంటి గేటు దగ్గరే ఉన్నాడు, కొత్త ఇంటికి ఇంకా రాలేదు, కుక్క మాత్రం ముందే వచ్చేసింది. కాబట్టి మంచి థెరపిస్ట్ ఒకే గదిలో, ఒకే వేళలో సాధన చేయించి ఊరుకోరు. ముందుగా "ఏం జరుగుతుందనుకుంటున్నావ్?" అని అడుగుతారు, తర్వాత "మరి ఏం జరిగింది?" అని అడుగుతారు. ఆ రెంటి మధ్య తేడా ఎంత పెద్దదైతే నేర్చుకోవడం అంత గట్టిగా జరుగుతుంది. తాయెత్తుతో నాకున్న పేచీ కూడా ఇక్కడే. అది కట్టుకుని చీకట్లో పడుకున్న పిల్లాడు చీకటి మంచిదని నేర్చుకోడు, తాయెత్తు బలమైనదని నేర్చుకుంటాడు, ఒకరోజు అది కనపడకపోతే ఇల్లంతా గోల.

2008లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ళ మధ్య వయసున్న, ఆందోళన సమస్యలు గల 488 మంది మీద 12 వారాలు పరీక్షిస్తే, ఇలాంటి సాధన ఉన్న కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే పద్ధతి) 60 శాతం మందికి బాగా మెరుగైంది, సెర్ట్రలిన్ మందుతో 55 శాతం, రెండూ కలిపితే 81, ఉత్తుత్తి మాత్రతో 24. మాటలూ ఆటలూ మందెలా అవుతాయని వెటకారం చేసేవాళ్ళకి ఈ అంకెలు చాలనుకుంటా. ఇంకా విచిత్రం, యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం పిల్లల్ని వదిలేసి తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చింది: "నీకు భయంగా ఉందని తెలుసు, నువ్వు తట్టుకోగలవని కూడా తెలుసు" అనడం, పిల్లలు భయపడేవాటిని తప్పించేయడం, అంటే పోస్ట్‌మ్యాన్‌ని గేటు నుంచే వెనక్కి పంపేయడం, మానేయడం. నేరుగా పిల్లలకిచ్చే థెరపీ కంటే ఫలితం తక్కువేం కాలేదు.

ఇదంతా కుక్క అనవసరంగా మొరుగుతున్నప్పటి మాట. బడికి వెళ్ళనని ఏడ్చే పిల్లని అక్కడ నిజంగానే ఎవరైనా కొడుతుంటేనో, వేధిస్తుంటేనో, మెట్టు మెట్టుగా బడికి అలవాటు చేయడం ఘోరం. ఏ మెట్టూ ఎక్కించకముందే థెరపిస్ట్ పిల్లతో విడిగా కూర్చుని ఆ సంగతి కనుక్కుంటారు. నిజమని తేలితే ముందు ఆపాల్సింది వేధించేవాణ్ణి, భయం పని తర్వాత.