తిరుపతి కాన్ఫరెన్స్‌కి వస్తా ఉండే డాక్టర్లకి: అపోహలు, వాస్తవాలు

నేను చిత్తూరు పక్క పశువుల డాక్టర్ని. చదివింది తిరుపతి వెటర్నరీ కాలేజీలోనే, 1955 నాటి కాలేజీ అది, ఆ పాపానికి తిరుపతిలో మా వాళ్ళ కాన్ఫరెన్స్ ఎప్పుడు జరిగినా రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గరో అకామడేషన్ కమిటీలోనో నన్నే కూర్చోబెడతారు. నెల ముందు నుంచి ఫోన్ మోగతానే ఉంటుంది, అందులో సెషన్ల గురించి అడిగేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఈసారి అన్నీ ఒకే చోట రాసి పెడతా ఉన్నా, ఫోన్ చేసినోళ్ళకి ఇదే పంపించేస్తా.

అపోహ: "కమిటీలో అంతా లోకల్ వాళ్ళే కదన్నా, దర్శనం వాళ్ళే చూసుకుంటారు."

వాస్తవం: మాకే దిక్కు లేదు సార్. లోకల్ వాళ్ళకని నెలలో మొదటి మంగళవారం దర్శనం 2024 డిసెంబర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టినారు, దానికి మేం కూడా ఆధార్ చూపించి టోకెన్ సంపాదించుకోవాల్సిందే. 300 రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదుల్తారు, చూస్తా ఉండగానే అయిపోతాయి, కాబట్టి కాన్ఫరెన్స్ డేట్లు తెలిసిన రోజే ఆ పని మీద కూర్చోండి. అది దొరక్కపోతే కొండ కింద తిరుపతిలో విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లో ఇచ్చే ఫ్రీ టోకెన్లు, దానికీ ఒరిజినల్ ఆధార్ ఉండాలి, ఫోన్లో ఫొటో ఉందంటే కుదరదు.

దర్శనానికి ఒక రోజు పూర్తిగా వదిలేయండి, అదీ కాన్ఫరెన్స్ అయిపోయినాక. ముందు రోజు పెట్టుకున్నోళ్ళు ఇనాగరేషన్‌లో కూర్చున్న చోటే నిద్రపోవడం నేను స్టేజీ పక్కనుంచి చూస్తానే ఉంటా. మధ్యలో పెట్టుకున్నోళ్ళ కథ ఇంకోటి. ఉత్తరాంధ్ర నుంచి ఒక సార్ వచ్చినారు, మధ్యాహ్నం రెండున్నరకి ఆయన పేపర్, తెల్లవారుజామునే అలిపిరి మెట్ల దారిన ఎక్కేసి, 3550 మెట్లు, తలనీలాలు ఇచ్చి, దర్శనం చేసుకుని, ఉరుకులు పరుగుల మీద హాల్‌కి వచ్చేసినారు. స్క్రీన్ మీద ఆయన ఫొటో, నిండా జుట్టు, గుబురు మీసం. చైర్‌పర్సన్ పేరు పిలిచినారు. ఈయన మోకాళ్ళు వంగక స్టేజీ ఎక్కడానికి రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కతా ఉండారు, చైర్‌పర్సన్ ఏమో ఫొటో వైపు చూసి, ఈ నున్నటి గుండు వైపు చూసి, "ఆయన రాలేదా అండీ, మిమ్మల్ని పంపించినారా?" అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. ఇచ్చిన ఎనిమిది నిమిషాల్లో రెండు దానికే పోయినాయి, పొదుగువాపు మీద మంచి పేపర్ పాపం, రిజల్ట్స్ స్లైడ్ దాకా పోనేలేదు.

అపోహ: కొండ మీద రూమ్ దొరికితే ఇంకేం కావాలి.

వాస్తవం: కాన్ఫరెన్స్ కింద సార్. కొండ ఇరవై కిలోమీటర్ల పైన, అదీ ఘాట్ రోడ్డు. దిగడానికి దగ్గర దగ్గర గంట పట్టిందంటే తొమ్మిదిన్నర సెషన్‌కి మీరు ఎనిమిదికే రూమ్ వదలాల, రాత్రి కొన్ని గంటలు ఘాట్ మూసేస్తారు కాబట్టి డిన్నర్ ఆలస్యమైతే కిందే ఇరుక్కుపోతారు. రూమ్ ఊళ్ళోనే తీసుకోండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, పెళ్ళి ముహూర్తాలు ఉండే రోజుల్లో ఊళ్ళో కూడా రూమ్ దొరకడం కష్టమే, ముందే చూసుకోండి.

అపోహ: ఆటో ఎక్కి "యూనివర్సిటీ" అంటే చాలు.

ఏ యూనివర్సిటీ? మా ఊళ్ళో వాటికి కరువు లేదు. ఎస్వీ యూనివర్సిటీ ఉంది, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, సంస్కృత యూనివర్సిటీ, వేదిక్ యూనివర్సిటీ, మాది వెటర్నరీ యూనివర్సిటీ, స్విమ్స్ పెద్దాసుపత్రి కూడా యూనివర్సిటీనే. ఒకసారి ఒక మేడమ్ పోస్టర్ గొట్టం చంకలో పెట్టుకుని వేద పాఠాలు వినపడే చోట దిగి నాకు ఫోన్ చేసినారు, "ఇక్కడ ఆవులున్నాయి గానీ డాక్టర్లు కనపడలేదే" అని. లొకేషన్ పిన్ ఫోన్లో పెట్టుకుని రండి, ఆటో అబ్బాయికి అదే చూపించండి.

రైలుకి వచ్చేవాళ్ళు టికెట్ మీద తిరుపతి ఉందా రేణిగుంట ఉందా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. చెన్నై నుంచి ముంబై వైపు పోయే బండ్లు చాలా మటుకు తిరుపతికి రావు, రేణిగుంటలో ఆగి అట్లే ముందుకి పోతాయి, అక్కడినుంచి ఊళ్ళోకి దాదాపు పది కిలోమీటర్లు. ఎయిర్‌పోర్ట్ కూడా రేణిగుంట వైపే.

అపోహ: పీపీటీ పెన్‌డ్రైవ్‌లో ఉంది, ఇంక టెన్షన్ లేదు.

టెన్షన్ అక్కడే మొదలవుతుంది. రైతుల సర్వే ఫారం అను ఫాంట్స్‌లో టైప్ చేసి స్లైడ్‌లో పెడతారు, మీ లాప్‌టాప్‌లో ముత్యాల్లా ఉంటుంది, హాల్ లాప్‌టాప్‌లో ఆ ఫాంట్ ఉండదు కాబట్టి తెలుగు బదులు ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. తెలుగు యూనికోడ్‌లో టైప్ చేయండి, పీడీఎఫ్ కాపీ ఒకటి మీ మెయిల్‌కే పంపుకోండి. ఆవు కుంటే వీడియో లాంటిది ఉంటే ఆ ఫైల్ కూడా అదే ఫోల్డర్లో పెట్టుకుని రండి, ముందు రోజు సాయంత్రమే ప్లే చేసి చూడండి. పోస్టర్ అయితే నిలువా అడ్డమా అన్నది బ్రోచర్లో చదవండి, బోర్డు నిలువుగా ఉంటే మీ అడ్డం పోస్టర్ పక్కాయన పోస్టర్ మీదికి పోతుంది, అప్పుడు జరిగే గొడవ తీర్చేది మళ్ళీ మేమే.

అపోహ: తిరుపతిలో నాన్‌వెజ్ దొరకదు.

ఊళ్ళో దొరుకుతుంది. రాగి సంకటి, నాటుకోడి పులుసు, పక్కన ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, తినకుండా పోతే మీ ఖర్మ. కొండ మీదికి మాత్రం మాంసం, మందు, సిగరెట్ ఏదీ పట్టుకుపోకూడదు, అలిపిరి దగ్గరే బ్యాగులన్నీ చెక్ చేస్తారు.

అలిపిరి చెకింగ్ అంటే గుర్తొచ్చింది, కాన్ఫరెన్స్ కిట్ బ్యాగ్ అట్లే భుజాన వేసుకుని కొండకి పోవద్దు. మా బ్యాచ్‌మేట్ ఒకడు స్టాల్‌లో కొన్న గిట్టలు చెక్కే కత్తి బ్యాగులోనే మర్చిపోయి పోయినాడు. స్కానింగ్‌లో వంకీ తిరిగిన కత్తి కనపడింది. "ఏందిది?" "ఆవు కాళ్ళకి సార్." "ఆవు కాళ్ళు కోస్తావా?" ఇంక చూడండి వాడి అవస్థ, మెడలో డెలిగేట్ కార్డు చూపించి, గిట్ట ఎట్ల పెరుగుతుందో, ఎందుకు చెక్కాలో ఆ సెక్యూరిటీ ఆయనకి లెక్చర్ ఇచ్చినాడు, ఆ మూడు రోజుల్లో వాడు ఇచ్చిన ప్రెజెంటేషన్ అదొక్కటే. కత్తి మాత్రం అక్కడే వదిలి పోవాల్సి వచ్చింది.

బట్టలు: బ్లేజర్ పెట్టుకుంటారు, పంచె మర్చిపోతారు. దర్శనానికి మగవాళ్ళకి పంచె గానీ పైజామా గానీ, ఆడవాళ్ళకి చీర, లంగావోణీ లేదా చున్నీతో చుడీదార్. నవంబర్లో అయితే గొడుగు కూడా, మాకు ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే, 2021 నవంబర్లో ఊళ్ళో వీధులు కాలువలైపోయినాయి.

ఇంక ఆఖరిది, ప్రతి ఒక్కరూ అడిగేది. "పుంగనూరు ఆవు మీ పక్కదే కదా, టీ బ్రేక్‌లో చూసి రావచ్చా?" రాలేరు సార్. ఆ జాతిని కాపాడతా ఉండే పశు పరిశోధన కేంద్రం పలమనేరులో ఉంది, తిరుపతి నుంచి చిత్తూరు డెబ్బై కిలోమీటర్లు, అక్కడినుంచి ఇంకో నలభై. పోయి రావాలంటే సగం రోజు పైనే. చూడాలనుంటే వెళ్ళిపోయే రోజు పెట్టుకోండి, ముఖ్యంగా బెంగళూరు వైపు పోయేవాళ్ళకి దారిలోనే పడుతుంది. ముందే ఫోన్ చేసి పర్మిషన్ తీసుకోండి, వేరే ఫారంలో తిరిగిన బూట్లతో లోపలికి పోవద్దు, ఇది పశువుల డాక్టర్లకి చెప్పాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది, కానీ చెప్పాల్సి వస్తా ఉంది.