లక్నవరం దారిలో పిట్టలు: చెరువు తగ్గాకే బయల్దేరండి

ములుగు జిల్లాలోని లక్నవరం చెరువు నిండి మత్తడి పోస్తోందని తెలియగానే జనం కార్లు తీస్తారు. తీగల వంతెనకు, పడవలకు అదే మంచి కాలం. పిట్టల కోసమైతే మాత్రం నీళ్ళు తగ్గడం మొదలయ్యాక వెళ్ళాలి. అంటే యాసంగి పొలాలకు తూములు తెరిచాక, జనవరి, ఫిబ్రవరి నెలల్లో.

కాకతీయుల కాలంలో గుట్టల నడుమ సందులకు కట్టలు పోసి నీళ్ళు నిలిపారు. మునగకుండా మిగిలిన గుట్టల తలలే ఇప్పుడు మనం చూసే 13 దీవులు. గుట్టవాలు కాబట్టి నిండు చెరువులో ఒడ్డు పక్కనే లోతు మొదలవుతుంది. అక్కడ మునిగి చేపను పట్టే నీటికాకి బతకగలదు గానీ నిలబడి వేటాడే కొంగకు కాలు మోపే చోటుండదు. మట్టం దిగి శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, బురద తేలితే తడిమట్టి అంచున ఉల్లంకులనే చిన్న నీటిపిట్టలు, జానెడు లోతులో నత్తగుల్ల కొంగలు చేరతాయి. ఈ కొంగ ముక్కు మూసినా నడుమ సందు ఉంటుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. నత్త దొరికితే గుల్లను పగలగొట్టదు. కింది ముక్కు మొనను లోపలికి దూర్చి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండరాన్ని తెంపి, మెత్తని ఒంటిని బయటికి లాగుతుంది. తడి గట్ల మీద పగలని ఖాళీ గుల్లలు కుప్పగా కనిపిస్తే అక్కడే కాసేపు ఆగండి.

హనుమకొండ నుంచి లక్నవరం సుమారు 75 కిలోమీటర్లు. ఐదున్నరకు బయల్దేరితే ములుగు దాటాక తెల్లవారుతుంది. చల్వాయి దగ్గర జాతీయ రహదారి వదలాలి. వెళ్ళేటప్పుడు పొద్దు ఎదురుగా ఉంటుంది, కరెంటు తీగ మీది పాలపిట్ట నల్లని ముద్దలా కనబడుతుంది. దాని రెక్కలో నీలిరంగు పదార్థమేదీ లేదు. ఈక పోగుల్లోని స్పాంజిలాంటి సన్నని అల్లిక నీలికాంతిని వెనక్కి తిప్పికొడుతుంది, అందుకే వెలుతురు మన వెనక నుంచి పడాలి. దసరా నాడు దాని దర్శనం కోసం ఊరి పొలిమేరకు వెళ్ళే మనకు ఈ సంగతి తెలియడం బాగుంటుంది. తీగల మీది పిట్టలను తిరుగు ప్రయాణానికి అట్టిపెట్టుకోండి. కాకపోతే పది దాటితే వేడెక్కిన తారు మీది గాలి కదిలి దూరపు బొమ్మ చెదురుతుంది, కాబట్టి ఆలోపే తిరగాలి.

బైనాక్యులర్ 8×42 చాలు, అంటే 8 రెట్లు పెద్దగా చూపే, 42 మిల్లీమీటర్ల అద్దం ఉన్నది. 10 రెట్లది కొంటే చేతి వణుకూ అన్ని రెట్లు కనబడుతుంది. వంతెన మీద మాత్రం ఏదీ పనిచేయదు, ఒక్కరు నడిచినా పలకలు ఊగుతాయి. దీవికి చేరాక చెట్టు మానుకు మోచేయి ఆనించి చూడండి. కారులోంచైతే ఇంజిన్ ఆపాలి, లేకపోతే అదురు కంటిదాకా వస్తుంది. కిలో బియ్యం పోసిన గుడ్డసంచి కిటికీ అంచున వేస్తే కెమెరా కదలదు. తలుపు తీయకండి. ఆగిన బండిని పట్టించుకోని పిట్ట కూడా దిగే మనిషిని చూసి ఎగిరిపోతుంది.

సమయముంటే ముందుకు, తాడ్వాయి అడవి దాకా సాగండి. రెండేళ్ళకోసారి మేడారం జాతర సాగే రోజుల్లో మాత్రం వద్దు. టేకు, నల్లమద్ది, ఇప్ప చెట్ల అడవిలో భృంగరాజు పిట్టను వెతకాలి. దాని తోకకు రెండు పొడుగాటి పుల్లలు, వాటి చివర చిన్న రేకలు ఉంటాయి. ఎగురుతుంటే రెండు తుమ్మెదలు వెంటపడుతున్నట్టే. ఇతర పిట్టల కూతలను అచ్చంగా అనుకరిస్తుంది. వడ్రంగి పిట్టలు బెరడు గీకినప్పుడు లేచే పురుగుల కోసం వాటి గుంపుతో తిరుగుతుంది, కనుక ఒకటి కనిపించిన చోట ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే గుంపంతా వస్తుంది.

2024 ఆగస్టు 31న ఈ అడవిలో పెనుగాలికి 50 వేలకు పైగా చెట్లు కూలాయి. ఇంకా నిలబడి ఉన్న ఎండు మానులు ఇప్పుడు మరింత విలువైనవి. వడ్రంగి పిట్ట తొలిచి వదిలిన తొర్రల్లో తర్వాత చిలుకలు, గోరింకలు కాపురం పెడతాయి. తొర్ర అంచు తెల్లగా ఉండి, మాను మొదట్లో చెక్కపొట్టు రాలి ఉంటే తవ్వకం ఇంకా సాగుతున్నట్టే. అంచు నునుపెక్కి నల్లబడితే తర్వాతివాళ్ళు దిగినట్టు. రెండిటిలో ఏదైనా ముప్పై అడుగుల దూరం నుంచే చూడండి.