సరయు నుంచి సయురా దాకా: విశాఖలో పుట్టిన ఒక గస్తీ నౌక

తమిళనాడు వైపు నుంచి వచ్చే పెద్ద మరబోట్లు ఇసకపల్లి, మైపాడు తీరాల్లో వలలు లాగి, స్థానికుల వలలు కూడా తెంపుకుపోయినప్పుడల్లా, ఇన్ని నేవీ ఓడలుండి ఒక్కటీ ఇటు రాదేమని నెల్లూరు జిల్లా మత్స్యకారులు అడుగుతుంటారు. అడగడంలో తప్పులేదు గానీ, ఆ ఓడలను కట్టించింది ఈ తగాదా కోసం కాదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ (సుమారు 22 కిలోమీటర్ల) లోపు చేపలవేట రాష్ట్రం పరిధిలోది. దానికి 1994 నాటి రాష్ట్ర చట్టం, మత్స్యశాఖ, మెరైన్ పోలీసులు ఉన్నారు. గస్తీ నౌకల అసలు పని అంతకు అవతల, నడిసముద్రంలో ఉంటుంది.

1976లో మన దేశం 200 నాటికల్ మైళ్ళ వరకు సముద్రాన్ని తన ప్రత్యేక ఆర్థిక మండలంగా, అంటే అక్కడి చేపలు, ఖనిజాల మీద తనకే హక్కుండే ప్రాంతంగా చట్టం చేసుకుంది. చట్టమైతే వచ్చింది గానీ అంత నీటిని కాయడానికి తగిన ఓడలు లేవు. తీర రక్షక దళం 1978లో చట్టబద్ధమైంది. నేవీ మాత్రం తన అవసరానికి సుకన్య తరగతి, అంటే ఒకే నమూనాలో కట్టిన ఏడు గస్తీ నౌకలను తీసుకుంది. వాటిలో మొదటి మూడు దక్షిణ కొరియాలో తయారుకాగా, సావిత్రి, సరయు, శారద, సుజాత అనే నాలుగింటిని విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టింది. ప్రధానంగా సరుకు ఓడలు కట్టే యార్డుకు ఇది చిన్న పనేమీ కాదు.

1991లో నేవీలో చేరిన సరయు నూరు మీటర్ల పైచిలుకు పొడవుండేది. ముందు భాగంలో ఒక 40 మిల్లీమీటర్ల ఫిరంగి, వెనక చేతక్ హెలికాప్టర్ దిగే డెక్కు, దాన్ని దాచుకునే హ్యాంగరు ఉండేవి. క్షిపణులు లేవు. యుద్ధానికి కాదు, రోజుల తరబడి తిరుగుతూ కన్నేసి ఉంచడానికే అలా చేశారు. ఇదే తరగతికి చెందిన సుభద్ర మీద నుంచి తరువాత ధనుష్ క్షిపణిని పరీక్షించారంటే, ఆ విశాలమైన డెక్కు ఎన్ని విధాల అక్కరకొచ్చిందో తెలుస్తుంది.

సరయు మన నేవీలో పదేళ్ళు కూడా పూర్తిగా లేదు. ఓడ పాతబడి కాదు. ఎల్‌టీటీఈతో పోరాడుతున్న శ్రీలంకకు నడిసముద్రంలో నిలబడగల నౌక కావలసి వచ్చింది, 2000 డిసెంబరులో ఢిల్లీ దీన్ని అమ్మింది. సయురాగా పేరు మారిన ఆ ఓడ అక్కడి నేవీకి పతాక నౌక, అంటే ప్రధాన నౌక అయింది. 2007లో తీరానికి వందల మైళ్ళ దూరాన ఎల్‌టీటీఈ ఆయుధ రవాణా ఓడలను ముంచిన దాడుల్లో పాల్గొంది. మన దగ్గర గస్తీకే పరిమితమైన ఓడ అసలు యుద్ధం చూసింది పరాయి జెండా కిందే.

ఇలా వెళ్ళింది ఇదొక్కటే కాదు. తీర రక్షక దళానికి చెందిన వరాహ కూడా 2006లో శ్రీలంకకు చేరి సాగర అయింది. గస్తీ నౌక ఆయుష్షును తుప్పు కన్నా దౌత్యమే ఎక్కువగా నిర్ణయిస్తుందని ఈ రెండింటినీ చూస్తే అనిపిస్తుంది.

సరయు పేరు 2013లో గోవా షిప్‌యార్డులో తయారైన కొత్త నౌకకు దక్కింది. పాత సరయుతో పాటు 1991లోనే విశాఖలో సిద్ధమైన శారద మాత్రం చేతులు మారలేదు. 2024 ఫిబ్రవరిలో సోమాలియాకు తూర్పున సముద్రపు దొంగల చేతికి చిక్కిన ఒమారి అనే ఇరాన్ చేపల ఓడ నుంచి 11 మంది ఇరానీయులను, 8 మంది పాకిస్థానీయులను విడిపించింది ఆ శారదే.