ప్రైమరీ క్లాసుల్లో పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు: అపోహలు - వాస్తవాలు

నేను ఎస్జీటీని, అంటే ప్రైమరీ క్లాసులకి చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని, తెలంగాణలో ఒక ఊరి బడిలో పని. ఇద్దరం టీచర్లం, ఐదు క్లాసులు. జూన్‌లో బడిబాట అని, పిల్లల్ని బడిలో చేర్పించమని ఇంటింటికీ తిరుగుతుంటాం కదా, అప్పుడు కొత్త అడ్మిషన్ల కంటే ఎక్కువ దొరికేవి ఈ ప్రశ్నలే. ప్రతి గడప దగ్గరా నిలబడి చెప్పే బదులు ఒకసారి రాసేద్దాం అనిపించింది.

అపోహ: అ ఆలు దిద్దించకుండా డైరెక్టుగా పదాలు చెప్తున్నారు, ఇదేం చదువు?

పోయినేడు ఒక నానమ్మ బడికే వచ్చి అడిగింది, "ఏం సదువు బిడ్డా ఇది, పలక మీద అ రాయలే ఆ రాయలే, బొమ్మలు జూపిచ్చి ముచ్చట్లు వెడుతున్నరు" అని. ఆమె తప్పేం లేదు, మనందరం దిద్దే నేర్చుకున్నాం. కానీ వర్ణమాల మొత్తం గడగడా చెప్పే పిల్లాడికి మధ్యలో 'థ' చూపించి ఇదేంటి అని అడగండి, 'త' దగ్గర్నుంచి మొదలుపెట్టి పాడుకుంటూ వస్తాడు. వాడికి వచ్చింది పాట, అక్షరం కాదు. ఇప్పుడు ఒకటో తరగతిలో ముందు బొమ్మ గురించి మాట్లాడిస్తాం, అందులోంచి పదం, పదంలోంచి అక్షరం. పలక అనే మాట తీసుకుంటే మూడు అక్షరాలు, వాటినే అటూ ఇటూ మారిస్తే కలప వస్తుంది, కల వస్తుంది. ఆ మూడు మాటలు వాడంతట వాడు చదివిన రోజు మొహం చూడాలి. అ నుంచి ఱ దాకా అన్నీ వస్తాయి, ఆ వరసలో రావు అంతే. తర్వాత గుణింతాలు, ఒత్తులు మామూలే, అవేం ఎత్తేయలేదు.

అపోహ: పక్కూరి ప్రైవేట్ స్కూల్లో యూకేజీ వాడు నూరు దాకా రాస్తున్నాడు, మీ దగ్గర ఇంకా చింతగింజలు లెక్కపెడుతున్నారు.

దీని గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తా, ఎందుకంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. నూరు దాకా రాయడం వేరు, సంఖ్య తెలియడం వేరు. నూట ఎనిమిది రాయమంటే 1008 రాసే పిల్లలు మూడో క్లాసులో కూడా ఉంటారు, విన్నది విన్నట్టు నూరు రాసి పక్కన ఎనిమిది పెడతారు, వాళ్ల లెక్కన అది కరెక్టే మరి. అలాగే 52 లోంచి 27 తీసేయమంటే 35 అంటారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి తిరగేసి ఏడులోంచి రెండు తీస్తారు. మనకి చిన్నప్పుడు "పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకో" అని చెప్పేవాళ్లు, తెచ్చింది ఒకటా పదా అని ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు. అందుకే చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టించి ఇస్తాం. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇవ్వాలంటే ఒక కట్ట విప్పాల్సిందే, ఇప్పుడు విడివి పన్నెండు, కట్టలు నాలుగు. అందులోంచి ఏడు పుల్లలు, రెండు కట్టలు తీస్తే 25 మిగులుతుంది, అది వాడి కళ్లముందే జరుగుతుంది. పది రోజులు కట్టలు విప్పినవాడికి పదకొండో రోజు పుల్లలు అక్కర్లేదు, నోట్‌బుక్‌లో చేసేస్తాడు, కానీ తల్లిదండ్రులు వచ్చేది ఆ పది రోజుల్లోనే!

ఊరికే నా ఇష్టానికి చేసేది కూడా కాదు ఇది. చిన్న క్లాసుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో టార్గెట్లు ఉన్నాయి, ఒకటి అయ్యేసరికి 99 దాకా, రెండుకి 999, మూడుకి 9999 దాకా సంఖ్యలు చదవాలి రాయాలి. మన రాష్ట్రంలో 2022 ఆగస్టు నుంచి మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా దీనికోసమే. ఎక్కాలు వద్దని ఎవరూ అనలేదు, రోజూ చెప్పిస్తాం.

అపోహ: ఇంగ్లీష్ మీడియం కదా, క్లాసులో తెలుగు మాట్లాడకూడదు.

2022-23 నుంచి మన పుస్తకాలు ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్. ఊరికే అచ్చేశారా అలాగ? పిల్లాడు విషయం తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీష్ మాట పట్టుకుంటాడు. పదమూడు అంటే అందులోనే పది, మూడు వినిపిస్తాయి, థర్టీన్ అంటే థర్టీయా థర్టీనా అని సగం క్లాసు తడబడుతుంది. ఇలాంటి చోట తెలుగు పక్కన పెట్టమంటే నష్టం పిల్లాడికే.

అపోహ: ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) అంటే టైంపాస్, ప్రాజెక్ట్ వర్క్ అంటే జిరాక్స్ షాపులో బొమ్మల చార్ట్ కొనడం.

రెండోది దాదాపు నిజమైపోయింది, అదే బాధ. ఒకటి, రెండు తరగతుల్లో ఈవీఎస్‌కి వేరే పుస్తకం ఉండదు, మూడు నుంచి మొదలు. చూడటం, అడగటం, వేరు చేయటం, రాసుకోవటం, ఇవే అందులో నేర్చుకునేవి. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు తెమ్మన్నా, ఒక పాప తంగేడు కొమ్మ కాయలతో సహా తెచ్చి "టీచర్, ఇవి చిక్కుడుకాయల లెక్క ఉన్నయి" అంది. నేను చెప్పలేదు, పుస్తకం చెప్పలేదు, ఆ పాపే చూసింది. నూట యాభై పెట్టి చార్ట్ కొనిస్తే ఇది రాదు కదా. మీ ఇంటి నల్లాకి ముందు నీళ్లు ఎక్కడివి అని తాతని అడిగి రమ్మంటే దయచేసి మీరు రాసివ్వకండి, వాడినే అడగనివ్వండి.

అపోహ: అందర్నీ పాస్ చేస్తారు, పరీక్షలు ఉత్తుత్తివి.

ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు (చదువు సాగుతుండగా మధ్యమధ్యలో చూసేవి), రెండు ఎస్ఏలు (పెద్ద పరీక్షలు) ఉంటాయి. ఎఫ్ఏ అంటే స్లిప్ టెస్ట్ ఒక్కటే కాదు, క్లాసులో పాల్గొనడం, సొంతంగా రాసింది, ప్రాజెక్ట్ అన్నీ చూస్తాం. ఆ రికార్డులు నింపడానికే మాకు సగం ప్రాణం పోతుంది, అది వేరే సంగతి.

అపోహ: హోంవర్క్ ఇవ్వట్లేదంటే చదువు చెప్పట్లేదు.

2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ఒకటి, రెండు తరగతులకి హోంవర్క్ ఉండకూడదు, మూడు నుంచి ఐదుకి వారం మొత్తానికి రెండు గంటలు దాటకూడదు. అంతగా ఇంట్లో ఏదో ఒకటి చేయించాలి అనిపిస్తే యాభై నోటు ఇచ్చి 27 రూపాయల సామాను తెమ్మనండి, చిల్లర లెక్కపెట్టి మీకు ఇమ్మనండి. 37 తెచ్చాడంటే షాపాయన్ని కూడా మా క్లాసుకి పంపించండి, పుల్లల కట్టలు సరిపడా ఉన్నాయి.